మిరప చేలకు అడగని మహ్రమ్

మా ఆపా కూతురు ఏడు రోజులు అడవిలో నడిచింది. దొంగతనం చేయలేదు. ఎవరి కొంపా కూల్చలేదు. వీపుకు పదిహేను కిలోల సంచి తగిలించుకొని, మరో ఏడుగురు ఆడవాళ్లతో కలిసి, దారి తెలిసిన ఇద్దరు ఆడవాళ్ల వెంట ఒక దీవిని ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి దాటింది. జరిగిందల్లా ఇదే. దీనికి చిప్పగిరిలో మా ఆపా ఇంటి వసారాలో పెద్దమనుషులు కూర్చున్నారు. ఆదోని నుంచి వచ్చిన రిష్తా వెనక్కి పోయింది. ఖౌమ్ పరువు గంగలో కలిసిందని ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు నేను అంతకుముందు చూసింది ఒక్కసారే, పొలం తగాదాలో ఓడిపోయినప్పుడు.

ఆ పంచాయితీలో నేనూ ఉన్నాను. ఇరవై ఏళ్లుగా పత్రికల్లో ఊరందరికీ నీతులు రాసేవాణ్ణి, సొంత మేనకోడలి గురించి నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడుతుంటే చాయ్ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నోరు విప్పలేదు కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ దీవి సంగతి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరాన సుపీరియర్ అనే మంచినీటి సరస్సు ఉంది. సరస్సంటే మన తుంగభద్ర డ్యామ్ లాంటిది ఊహించుకోకండి. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనబడదు. అందులో ఐల్ రాయల్ అనే దీవి. 72 కిలోమీటర్ల పొడవు, 14 కిలోమీటర్ల వెడల్పు. 1940 నుంచి అది జాతీయ పార్కు. కార్లు, బైకులు, సైకిళ్లు ఏవీ దిగనివ్వరు. పడవలో పోవాలి, లేదంటే నీళ్ల మీద దిగే చిన్న విమానంలో పోవాలి. నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 15 దాకా దీవి మొత్తాన్నీ మూసేస్తారు. అక్కడుండేవి మూస్ అనే గుర్రమంత దుప్పులు, వాటిని తిని బతికే తోడేళ్లు. ఏది ఎన్ని పెరుగుతున్నాయో, ఎన్ని తగ్గుతున్నాయో శాస్త్రవేత్తలు 1958 నుంచి లెక్క రాస్తున్నారు. ఒక దశలో తోడేళ్లు రెండే మిగిలితే 2018, 2019లలో బయటి నుంచి తెచ్చి వదిలారు. ఎలుగుబంట్లు లేవు. ఈ ఒక్క మాట మా ఆపాకు పదిసార్లు చెప్పాల్సి వచ్చింది.

దీవి వెన్నెముక పొడవునా గ్రీన్‌స్టోన్ రిడ్జ్ అని ఒక కాలిబాట. సుమారు 64 కిలోమీటర్లు. గుంతకల్లు నుంచి ఆదోనికి రైలు దూరం కన్నా ఎక్కువే. 2024 ఆగస్టులో ఆ పిల్ల దాని మీద నడిచింది. డేరా, తిండి, స్టవ్వు, పక్క, వానకోటు అన్నీ వీపు మీదే. సరస్సు నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని దోసిట పట్టి తాగడానికి లేదు. తోడేళ్ల నుంచి బద్దెపురుగు గుడ్లు నీళ్లలో కలుస్తాయట. వడగట్టాలి, లేదా మరగబెట్టాలి. చెత్త ఒక్క కాగితం కూడా అక్కడ వదలకూడదు, మళ్లీ సంచిలో వేసుకొని తేవాలి. రాత్రిపూట లూన్ అనే నీటిపక్షి మనిషి ఏడ్చినట్టు అరుస్తుందట. మొదటి రాత్రి డేరాలో పడుకొని ఆ అరుపు విని ఆయతుల్ కుర్సీ చదువుకున్నానని చెప్పింది.

నమాజు మానలేదు. మన ఊళ్లో పడమర తిరిగి నిలబడతాం, అక్కడ ఖిబ్లా ఈశాన్యం. మెడలో వేసుకున్న దిక్సూచి చూసుకొని రాళ్ల మీద నిలబడింది. ముసాఫిర్‌కు నాలుగు రకాతులు రెండే కదా, ఆ రెండూ చేసుకొని మళ్లీ నడిచింది. స్కార్ఫ్ తీయలేదు. ఇవన్నీ ఆమె మంచి ముస్లిమని సర్టిఫికెట్ ఇవ్వడానికి రాయడం లేదు. నమాజు చేయకపోయినా, స్కార్ఫ్ లేకపోయినా నేను ఈ వ్యాసం ఇట్లాగే రాసేవాణ్ణి. కానీ పంచాయితీలో కూర్చున్నవాళ్లలో ఆ ఏడు రోజులూ ఫజర్ తప్పనివాళ్లు ఎందరని అడగాలనిపించింది. అడగలేదు.

తిండి సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి నడకలకు ఎండబెట్టి ప్యాకెట్లలో అమ్మే తిండి దొరుకుతుంది. అందులో ఏ మాంసం ఉంటుందో అన్న అనుమానంతో ఈ పిల్ల అవి ముట్టలేదు. మా ఆపా ఇక్కడి నుంచి పంపిన కడక్ జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, ఉప్మారవ్వ పట్టుకుపోయింది. మూడో రోజు అందరి ప్యాకెట్లూ విసుగు పుట్టాక ఆ తెల్లామెలు జొన్నరొట్టె మీద పడ్డారట. బరువు తక్కువ, నెల రోజులున్నా చెడదు, నీళ్లు చల్లితే మెత్తబడుతుంది. ఇంతకన్నా మంచి ప్రయాణపు తిండి ఏ కంపెనీ తయారు చేస్తుంది?

ఆ రొట్టెను అట్లా ఎండబెట్టి మూటగట్టడం మా ఆపాకు ఎవరు నేర్పారు? నానీ నేర్పింది. నానీకి ఎవరు నేర్పారు? అడవిలో సరదాగా నడిచేవాళ్లు కాదు. సుగ్గికి పోయేవాళ్లు నేర్పారు.

సుగ్గి అంటే తెలియని కోస్తా పాఠకులకు ఒక మాట. ఆదోని, ఆలూరు, కోసిగి, కౌతాళం, హాలహర్వి, చిప్పగిరి, ఈ పడమటి కర్నూలు పల్లెల్లో వాన మీద ఆధారపడ్డ చేలు చేతికొచ్చినా రాకున్నా, చలికాలం దాటేలోగా ఊళ్లు ఖాళీ అవుతాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. దాన్నే మేము సుగ్గికి పోవడం అంటాం. బడికి పోయే పిల్లలనూ వెంట తీసుకుపోతారు. ముసలివాళ్లు ఇంటికి కాపలా. ఆదోని స్టేషన్లో ఆ మూటల మధ్య నిలబడి నేను రాసిన వార్తలు లెక్కలేనన్ని. ప్రతి ఏడూ అవే ఫోటోలు, అవే హెడ్డింగులు. ఏడాది మారితే తేదీ మార్చడమే.

అట్లా పోయేవాళ్లలో మన ఆడవాళ్లు లేరా? ఉన్నారు. దూదేకులవాళ్లున్నారు, షేకులున్నారు. మొగుళ్లతో పోయేవాళ్లున్నారు. మొగుడు చచ్చిపోయినవాళ్లు, మొగుడు వదిలేసినవాళ్లు, మొగుడున్నా మంచం దిగనివాళ్లు మేస్త్రీ వెంట గుంపుగా పోతారు. మేస్త్రీ వాళ్లకు అన్నా కాదు, తమ్ముడూ కాదు. అడ్వాన్సు ఇచ్చినవాడు. చేను గట్టున పట్టాలు కప్పిన గుడిసెల్లో రెండు నెలలో మూడు నెలలో పడుకుంటారు. మిరప ఘాటు ఒంటికి తగలకుండా చీర మీద మగాడి పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటారు. బుర్ఖా ఇంట్లో పెట్టెలో ఉంటుంది. చేతులు ఎంత మండుతాయంటే రాత్రి పసిపిల్లను ఎత్తుకోలేరు.

వీపున మూట, గుంపుగా ఆడవాళ్లు, ముందు దారి తెలిసిన మనిషి ఒకడు, రాత్రి ఆకాశం కింద పడక. చూడబోతే ఇదీ అదే ప్రయాణం. మరి చిప్పగిరిలో గానీ, హాలహర్విలో గానీ, సుగ్గికి పోయే ఆడదాన్ని ఆపి 'నీ మహ్రమ్ ఎవరే?' అని అడిగిన పెద్దమనిషిని ఒక్కణ్ణి చూపించండి. నలభై ఏడేళ్లు వచ్చాయి నాకు, నేను చూడలేదు. ఆమె తిరిగొచ్చి తెచ్చిన డబ్బుల్లోంచి మసీదుకు చందా ఇస్తే రసీదు రాసిచ్చారు. రసీదు మీద మహ్రమ్ కాలమ్ లేదు.

ఇంకా కొంచెం కిందికి పోదాం. కడప జిల్లా నుంచి, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు ఇళ్లలో పని చేయడానికి ఆడవాళ్లు పోవడం ఎన్ని దశాబ్దాల ముచ్చట! సర్కారు వయసు ముప్పై దాటిందా అని చూస్తుంది. ఏజెంటు డబ్బులు చూస్తాడు. మహ్రమ్ సంగతి ఎవరు చూశారు? మూడు రోజుల ప్రయాణం కాదు, మూడేళ్ల ప్రయాణం. పరాయి మగాళ్లుండే ఇంట్లో, తలుపు అవతలి నుంచి గడియ పెట్టే ఇంట్లో. ఆమె పంపిన దీనార్లతో తమ్ముడి నిఖా అయ్యింది, అబ్బా అప్పు తీరింది, ఇంటి మీద స్లాబు పడింది. ఆ స్లాబు కింద కూర్చొని ఆడవాళ్ల ప్రయాణం గురించి ఫత్వాలు చెప్పుకుంటున్నాం.

పంచాయితీలో ఒక ముసలాయన మాత్రం నిజం చెప్పాడు. ఆయన హదీసు తీయలేదు. 'పని మీద పోతే వేరు బేటా, రోజీరోటీ కోసమంటే అల్లా మాఫ్ చేస్తాడు. ఊరికే నడవడానికి పోవడమేంది? కైకు?' అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. మిగతావాళ్లందరూ గడ్డాల చాటున దాచుకున్న మాటను ఆయన బయటపెట్టాడు. గొడవ మహ్రమ్ గురించి కాదు. గొడవ ఆ 'ఊరికే' గురించి. ఆడది ఒకరి కడుపు కోసం పోవచ్చు. ఒకరి అప్పు కోసం పోవచ్చు. బిడ్డ పుట్టాలని దర్గాకు పోవచ్చు. మొగుడి జ్వరం తగ్గాలని పెనుగొండ బాబయ్య దర్గాకో, కౌతాళం ఖాదర్‌లింగ ఉర్సుకో, నెల్లూరు రొట్టెల పండక్కో వ్యాను మాట్లాడుకొని గుంపుగా పోవచ్చు. తన కోసం, తన కాళ్ల కోసం, తన కళ్ల కోసం మాత్రం గడప దాటరాదు.

హదీసు సంగతికొస్తే నేను ఆలిమ్‌ను కాను. ఆర్ట్స్ డిగ్రీ చదివి, ఉర్దూ అఖ్బారులో ఐదేళ్లు, తెలుగు పత్రికల్లో మిగతా కాలం గడిపినవాణ్ణి. కానీ ఉర్దూ తర్జుమాలు చదవగలను. మహ్రమ్ లేకుండా స్త్రీ దూరప్రయాణం చేయరాదన్న హదీసు ఉన్నమాట నిజం. ఒకచోట మూడు రోజులని, మరోచోట ఒక రోజని ఉన్నమాటా నిజం. బుఖారీలోనే ఇంకొకటి కూడా ఉంది. హీరా పట్టణం నుంచి కాబా దాకా ఒక స్త్రీ అల్లాకు తప్ప ఎవరికీ భయపడకుండా ప్రయాణం చేసే రోజు వస్తుందని ప్రవక్త అదీ ఇబ్న్ హాతిమ్‌తో చెప్పిన హదీసు. అలాంటి రోజు రావడాన్ని ఆయన శుభంగా చెప్పాడు. జుమా ఖుత్బాలో మొదటి హదీసు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రెండోది ఒక్కసారీ వినలేదు, నేనే చదువుకున్నాను. నమ్మకమైన ఆడవాళ్ల గుంపుతో కలిసి స్త్రీ ఫర్జ్ హజ్‌కు పోవచ్చని షాఫయీ మజ్‌హబ్ ఎప్పుడో ఒప్పుకుంది. మనం హనఫీలం కాబట్టి కుదరదంటారు. సరే. హనఫీ మేస్త్రీ మాత్రం ఎట్లా కుదిరాడు?

అసలు హజ్ అంటే ఏమిటి? సఫా, మర్వా కొండల మధ్య ఏడుసార్లు నడవడం హజ్‌లో తప్పనిసరి. ఎవరి అడుగులవి? బీబీ హాజిరావి. ఎడారిలో మొగుడు వదిలి వెళ్లాక, పసిబిడ్డ దాహం తీర్చడానికి, ఏ మహ్రమూ లేక నీళ్ల కోసం ఒంటరిగా పరిగెత్తిన ఆడదాని అడుగులవి. లక్షల రూపాయలు పోసి పోయిన ప్రతి హాజీ సాబ్ ఆ ఆడదాని వెనకే నడిచి వచ్చి, ఇక్కడ దండలు వేయించుకొని, ఆడవాళ్లు ఒంటరిగా నడవరాదని ఉపన్యాసం చెబుతాడు.

ఇంతదాకా చదివి సంబరపడుతున్న సెక్యులర్ మిత్రులకు కూడా ఒక మాట. మీ దగ్గరికే వస్తున్నాను.

ఈ సంగతి తెలిసి నాకు తెలిసిన ఒక ఎడిటర్ ఫోన్ చేశాడు. ఆ పత్రిక పేరు అనవసరం. 'బ్రహ్మాండమైన స్టోరీ బ్రదర్, బుర్ఖా చీల్చుకొని ఎగిరిన పక్షి అని ఫస్ట్ పేజీలో వేద్దాం, ఫోటో పంపు' అన్నాడు. ఫోటో పంపాను. కొండ చివర, వెనక సరస్సు, భుజాన సంచి, తలకు స్కార్ఫ్, నవ్వు. పది నిమిషాలకు మళ్లీ ఫోన్. 'స్కార్ఫ్ లేనిది లేదా?' లేదన్నాను. 'మరి పక్షి ఎట్లా ఎగిరింది?' అన్నాడు. నవ్వుకుంటూనే అన్నాడు. స్టోరీ పడలేదు. వాళ్లకు కావాల్సింది నడిచిన పిల్ల కాదు, మమ్మల్ని వదిలిపెట్టి వచ్చిన పిల్ల. మా ఆడపిల్ల ఏది చేసినా మా మీద సాక్ష్యం చెప్పడానికే చేయాలి. చెప్పనంటే ఆమెకు మీ పేజీలో చోటు లేదు. ఇవతల పంచాయితీ, అవతల ఫస్ట్ పేజీ. ఇద్దరూ ఆమె తలమీది గుడ్డనే చూశారు. కాళ్ల కింద 64 కిలోమీటర్లు ఎవరికీ కనబడలేదు.

పాలకుల సంగతి చెప్పనే అక్కర్లేదు. నలభై అయిదేళ్లు దాటిన ముస్లిం స్త్రీలు నలుగురు కలిసి మహ్రమ్ లేకుండా హజ్‌కు పోవచ్చని సర్కారు 2017లో కొత్త విధానం తెచ్చింది. 2018లో సుమారు 1,300 మంది అట్లా పోయే వీలు పొందారు. 2023 నాటికి దరఖాస్తులు 4 వేలు దాటాయి. మంచిదే. మంచిని మంచి అనడానికి నాకు సిగ్గు లేదు. అయితే 2017 డిసెంబర్ 31న రేడియోలో ప్రధానమంత్రి దీన్ని చెప్పుకొని ముస్లిం చెల్లెళ్లకు స్వేచ్ఛ ఇచ్చామన్నట్టు మాట్లాడారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 2022 ఫిబ్రవరిలో, మా పక్కనున్న కర్ణాటకలో అదే పార్టీ సర్కారు స్కార్ఫ్ కట్టుకున్న ఆడపిల్లలను కాలేజీ గేటు బయట నిలబెట్టింది. మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరొక మాట చెప్పారు. మక్కాకు ఒంటరిగా పోవచ్చు, క్లాసు రూముకు పోరాదు! ఏ గేటు తెరవాలో, ఏ గేటు మూయాలో ఎప్పుడూ ఇంకెవరో చెబుతారు. కాళ్లు మాత్రం ఆడపిల్లవి.

ఇప్పుడు నా సంగతి. దీన్ని దాటేసి పోదామని రెండు రోజులు ప్రయత్నించాను. పోనివ్వలేదు.

1993 జనవరి. మా ఆపా ఆదోనిలో ఖాలా ఇంట్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మా ఇంటి నుంచి డిగ్రీ దాకా పోయిన మొదటి ఆడపిల్ల. క్లాసు వాళ్లంతా హంపి టూరు పెట్టుకున్నారు. రెండు రోజులు. ఇద్దరు లేడీ లెక్చరర్లు వెంట వస్తున్నారు. గుంతకల్లు మీదుగా పోతే ఎంత దూరం? డిసెంబర్ 6 జరిగి నెల కాలేదు. రోజూ పేపర్లో కర్ఫ్యూలు, బొంబాయి మంటలు. అబ్బా భయపడ్డాడు. ఆ భయం ముల్లాది కాదు, ఆ భయం బాబ్రీ మసీదు కూల్చినవాళ్లు మా ఇంట్లోకి పంపించిన భయం. మా ఆడపిల్లల గడప ముందు గీత గీసినవాళ్ల లెక్క తీసేటప్పుడు ఆ గడ్డపారలను కూడా లెక్కలో వేయండి. అల్లరి జరిగిన ప్రతిసారీ మా ఇళ్లలో మొదట మూసుకునేది ఆడపిల్ల చదువు, ఆడపిల్ల బజారు, ఆడపిల్ల కిటికీ.

అయినా ఆపా ఏడ్చింది. రెండు పూటలు అన్నం తినలేదు. అబ్బా కరిగి, 'తమ్ముణ్ణి వెంట తీసుకుపో, అప్పుడు పంపిస్తా' అన్నాడు. తమ్ముణ్ణి అంటే నన్ను. నాకు పదిహేనేళ్లు. మీసం కూడా సరిగా రాలేదు. ఇరవై ఏళ్ల ఆడపిల్లకు నేను మహ్రమ్! ఆమె మానానికి నేను కాపలా! ఆదివారం మాకు గుంతకల్లు పిల్లలతో క్రికెట్ మ్యాచ్ ఉంది. నేను రానన్నాను. మ్యాచ్ సంగతి చెబితే అబ్బా తంతాడని, 'ఆడపిల్లలు టూర్లకు పోతే నా దోస్తులు నవ్వుతారు' అన్నాను. అబ్బా నా భుజం తట్టి మెచ్చుకున్నాడు. ఘరానా గైరత్ ఉన్న కొడుకని అమ్మీతో చెప్పాడు. ఆపా హంపికి పోలేదు. మ్యాచ్‌లో నేను రెండో బంతికి ఔటయ్యాను.

పాకిస్తాన్‌లో సమీనా బేగ్ అనే ఆడపిల్ల ఉంది. 2013 మేలో ఎవరెస్ట్ ఎక్కింది, ఆ దేశంలో ఎక్కిన మొదటి స్త్రీ. ఆమెకు కొండలెక్కడం నేర్పింది అన్న మీర్జా అలీ. అతనూ ఆమెతో పాటు చివరిదాకా ఎక్కాడు. శిఖరానికి కాస్త దిగువన ఆగిపోయాడు. మిగిలింది ఆమె తనంతట తనే ఎక్కాలని, అన్న చేయి పట్టుకొని ఎక్కిందని రేపు ఎవరూ అనకూడదని ఆగిపోయాడు. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నేను ఆఫీసులో డెస్క్ మీద ఉన్నాను. దాన్ని నాలుగు లైన్ల వార్తగా తెలుగు చేసి, బయటికి పోయి బీడీ తాగాను.

మరుసటి ఏడు, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా తండా పిల్ల మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పిల్ల. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల. ఆమెను చూసి మేమంతా చప్పట్లు కొట్టాం. పంచాయితీలో కళ్లు తుడుచుకున్న పెద్దమనిషి కూడా కొట్టాడు, నాకు గుర్తుంది. ఇతరుల ఆడపిల్ల కొండెక్కితే దేశానికి గౌరవం. మన ఆడపిల్ల ఎక్కితే రిష్తా పోతుంది. పూర్ణ వెనక ఒక బడి నిలబడింది, శిక్షణ ఇచ్చే మనుషులు నిలబడ్డారు. మన పిల్లల వెనక నిలబడేందుకు ఎవరున్నారు? ఆదోనిలో, ఎమ్మిగనూరులో మన పేటల్లో ఆడపిల్లలు పరిగెత్తడానికి ఒక మైదానం చూపించండి. ఉర్దూ బడికి సరైన మరుగుదొడ్డి అడిగితేనే అర్జీల మీద అర్జీలు. ఖౌమ్ పరువు గురించి కంటతడి పెట్టే పెద్దలు ఆ మరుగుదొడ్డి కోసం ఒక్కరోజు కలెక్టరాఫీసు ముందు కూర్చున్నారా?

మాటలు కూడా మోసం చేస్తాయి. మా చిప్పగిరి పేరు కర్ణాటకలో చాలామందికి తెలుసు. ఎందుకంటే హరిదాసు విజయదాసు ఇక్కడే ఉండి, 1755లో ఇక్కడే పోయాడు. ఆయన కట్ట చూడటానికి ఇప్పటికీ జనం వస్తారు. ఎక్కడో మాన్వి దగ్గర పుట్టి, పేదరికంలో కాశీ దాకా తిరిగి, పాటలు కట్టుకుంటూ వచ్చినవాడు. తిరిగినందుకే దాసుడయ్యాడు. ఊరూరా తిరిగిన మన ఫకీరు వలీ అయ్యాడు, చనిపోయిన చోట గుంబజ్ లేచింది. అదే ఆడది తిరిగితే? తెలుగులో తిరుగుబోతు అంటారు. ఉర్దూలో ఆవారా అంటారు. రెండు భాషలు తెలుసని గర్వపడేవాణ్ణి నేను. ఊరికే తిరిగిన ఆడదాన్ని గౌరవంగా పిలవడానికి రెండింటిలోనూ మాట వెతుకుతున్నాను. హాజన్ అంటే ఒప్పుకుంటారు, కానీ అది ఊరికే కాదు కదా.

నూట ఇరవై ఏళ్ల కింద ఒక ముస్లిం స్త్రీ ఈ మాట లేని చోటును ఊహించింది. బేగం రొఖయా రాసిన సుల్తానాస్ డ్రీమ్ అనే కథ 1905లో మద్రాసులో, కమలా సత్తియనాదన్ నడిపిన ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో అచ్చయ్యింది. అప్పటికి ఆదోని, ఆలూరు కూడా మద్రాసు రాజ్యంలోనే, బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ కథలో ఒక పర్దా స్త్రీ, సిస్టర్ సారా అనే ఆమె వెంట పట్టపగలు వీధిలో నడుస్తుంది. మొదట సిగ్గుపడుతుంది. చుట్టూ చూస్తే ఒక్క మగాడూ లేడు. ఆ దేశంలో మగాళ్లందరూ మర్దానాలో ఉంటారు. పాఠకులు దాన్ని వేళాకోళంగా చదువుకొని పక్కన పెట్టారు. నా మేనకోడలు నడిచిన గుంపులో ముందు నడిచిన ఇద్దరు ఆడవాళ్ల గురించి వింటుంటే నాకు సారా గుర్తొచ్చింది. బొబ్బలకు పట్టీ ఎట్లా వేయాలో, పొగమంచు కమ్మితే ఎక్కడ ఆగాలో చెప్పే ఇద్దరు మామూలు ఆడవాళ్లు. మగాళ్లను ఎక్కడా బంధించలేదు. అవసరం పడలేదు, అంతే.

రిష్తా సంగతి చెప్పి ముగిస్తాను. వెనక్కి పోయిన వరుడి తరఫువాళ్లు చెప్పిన కారణం ఒకటే: 'ఏడు రోజులు ఫోన్ కూడా కలవని చోట ఉన్న పిల్ల.' వరుడు రియాద్‌లో ఉద్యోగం చేస్తాడు. అతని ఫోన్ ఎన్ని రోజులు కలుస్తుందో మేము అడగలేదు. మా దూల్హాభాయ్ ఈ గొడవంతటిలో ఒక్క మాట మాట్లాడలేదు. మూడు నెలలు మసీదుకు పోవడం తగ్గించి ఇంట్లోనే నమాజు చేసుకున్నాడు. కూతురితో ఫోన్లో మాత్రం ఆ మూస్ అనే జంతువు గురించి అడుగుతాడు, ఎంత ఎత్తుంటుంది, పాలిస్తుందా అని.

కూతురు మళ్లీ వచ్చే ఏడు పోతానంటోంది, ఈసారి ఇంకో చోటికి. 'మామూ, నువ్వు అమ్మీకి చెప్పు' అంది. చెప్పడానికే పోయాను. ఆపా కొత్తగా జొన్నరొట్టెలు కాల్చి చాపమీద ఆరబెడుతోంది. నేను నోరు తెరవకముందే, 'నీ ఫోన్లో రైలు టికెట్లు తీయడం వస్తుంది కదా' అంది. గుంతకల్లు నుంచి హోస్పేటకు. నాలుగు టికెట్లు. తనూ, ఎదురింటి ఖైరున్బీ ఆపా అని పిలిచే ముసలామె, బడిలో ఆయాగా చేసే ఆమె, వాళ్ల ఒదిన. హంపి చూసి, బాగుంటే అదే నలుగురూ హజ్‌కు దరఖాస్తు పెడతారట. యాభై రెండేళ్లు ఆమెకు.

టికెట్లు తీస్తూ అలవాటుగా అయిదో పేరు కాలమ్‌లో నా పేరు కొట్టాను. ఆపా కళ్లజోడు సర్దుకొని ఫోన్లోకి చూసింది.

'అది తీసెయ్యి' అంది.